క్లారినెట్టు మార్చే ముందు మౌత్‌పీసు చూడండి



ఈ మధ్య మాకు వచ్చిన ఉత్తరాల్లో రెండు ఒకే సంగతి అడిగాయి. ఒకటి వనపర్తి నుండి, ఒకటి మహబూబ్‌నగర్ పట్టణం నుండి. "మా అబ్బాయి మూడేళ్లుగా క్లారినెట్టు నేర్చుకుంటున్నాడు. మొదట కొన్నది ఇక చాలడం లేదని మాస్టరు గారు అంటున్నారు. తక్కువ ఖర్చులో దానికంటే మంచిది ఏది?" అని. మూడవవారు ఉత్తరం రాయలేదు, మనిషే వచ్చారు. ఆయన సంగతి చెబితే మిగిలిన ఇద్దరికీ సగం జవాబు దొరుకుతుందని ముందుగా అదే రాస్తున్నాము.

క్రిస్మస్ పండుగ దాటిన వారంలో దేవరకొండ దగ్గరి ఒక పల్లె నుండి ఒక తండ్రి తన కుమారుణ్ణి వెంటబెట్టుకొని వచ్చాడు. పిల్లవాడు ఇంటర్ రెండవ సంవత్సరం. ఆదివారం సంఘంలో పాటలకు వాయిస్తాడు. మాఘమాసం మొదలుకొని ఎండాకాలం పెళ్లిళ్లు అయ్యేదాకా ఒక బ్యాండు పార్టీతో వెళ్తాడు. ఆ రోజు కూలితోనే కాలేజీ ఫీజు కట్టుకుంటున్నాడు. తండ్రి చేతిసంచిలో ఒక కాగితం ఉంది. హైదరాబాదులో ఎవరో అమ్మజూపిన పాత కర్ర క్లారినెట్టు ధర దాని మీద రాసి ఉంది.

"సారూ, పోరడు మంచిగనే ఊదుతడు. ఈ ప్లాస్టిక్‌దానితోని ఇగ కాదంటుండ్రు. కట్టెది కావాలెనంట. బర్రెనమ్ముత, తక్కువ పడితే మిత్తికి తెస్త. నువ్వొక్కసారి సూసి మంచిదంటే సాలు" అన్నాడు.

బర్రె అన్నాక మాకు భయం వేసింది. ముందు ఉన్నదాన్ని వాయించమన్నాము.

కింది స్వరాలు బాగానే పలికాయి. నడిమికి వచ్చేసరికి గాలి చప్పుడు. అక్కడి నుండి పై వరుసకు ఎక్కేచోట, వాద్యకారులు బ్రేక్ అనే ఆ గడప దగ్గర, కీచుమన్నది. పిల్లవాడు తల వంచుకున్నాడు. మేము వాద్యం అందుకొని మొట్టమొదట మౌత్‌పీసు ఊడదీసి వెలుతురుకు పెట్టి చూశాము. రీడుకు ఎదురుగా ఉండే సన్నని అంచు మీద ఎలుక కొరికినట్టు ఒక చిన్న పెచ్చు లేచి ఉంది. రీడు ఆనే బల్లతలం కూడా సమంగా లేదు. ఇక రీడు! దసరా నుండి అదే రీడట. మా దగ్గర ఉన్న యమహా 4సి మౌత్‌పీసు కడిగి, కొత్త రెండున్నర నంబరు రీడు బిగించి ఇచ్చాము. మొదటి ఊదులోనే బయట అరుగు మీద కూర్చున్న తండ్రి లోపలికి తొంగిచూశాడు.

అన్నీ బాగయ్యాయని చెప్పము. కింది ముక్కలో ఒక ప్యాడు నుండి గాలి పోతున్నది. రెండు స్వరాలు శ్రుతి తప్పే ఉన్నాయి, అవి ఆ వాద్యం పుట్టుకలోనే ఉన్న లోపం. కానీ బర్రెనమ్మి తీర్చవలసిన అవసరం ఆ రోజు లేదు.

మౌత్‌పీసు అంత పని ఎందుకు చేస్తుందో కొంచెం వివరిస్తాము. క్లారినెట్టులో నాదం పుట్టేది గొట్టంలో కాదు, రీడుకూ మౌత్‌పీసు కొసకూ మధ్య ఉన్న సందులో. ఊపిరి తగిలినప్పుడు రీడు కొట్టుకొని ఆ సందును మూస్తూ తెరుస్తూ ఉంటుంది. గొట్టం, రంధ్రాలు, మీటలు ఆ కదలికను ఏ స్వరంగా పలికించాలో నిర్ణయిస్తాయి. సందు ఒక మిల్లీమీటరుకు కొంచెం అటూ ఇటూ మాత్రమే. యమహా 4సి లో 1.05 మిల్లీమీటర్లు, ఫ్రాన్సు దేశపు వాండోరెన్ వారి బి45 లో దాదాపు 1.19. తేడా గోరు మందం కూడా లేదు, పెదవికి మాత్రం వెంటనే తెలుస్తుంది. సందు తక్కువైతే నాదం అదుపులో ఉంటుంది, శ్రుతి నిలుస్తుంది. ఎక్కువైతే గట్టిగా పలుకుతుంది, స్వరాన్ని జార్చి గమకం పలికించవచ్చు, కానీ పెదవి త్వరగా అలిసిపోతుంది.

తక్కువ ధర సెట్లలో గొట్టం మీద పడిన శ్రద్ధ మౌత్‌పీసు మీద పడదు. మన ప్రాంతపు బ్యాండు పార్టీల వాద్యాలు చాలావరకు ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ నుండి వస్తాయి. అక్కడి జాలీకోఠీ వీధి బ్యాండు వాద్యాలకు దేశమంతటా పేరు. నాదిర్ అలీ కంపెనీ అక్కడ 1885 నుండి ఉంది. ఆ ఊరి పనివాళ్లు లేకపోతే మన పల్లెల్లో పెళ్లి ఊరేగింపు ఉండేదే కాదు, అందుచేత వారి సరుకును చులకన చేయడం మాకు ఇష్టం లేదు. మేము చెప్పేది ఇంతే: తక్కువ ధర వాద్యం ఎక్కడిదైనా దానితో వచ్చిన మౌత్‌పీసును ఒక ఏడాది తరువాత పక్కన పెట్టండి. మంచి మౌత్‌పీసు కొన్ని వేల రూపాయలు. మంచి క్లారినెట్టు దానికి ఎన్నో రెట్లు. పైగా మౌత్‌పీసు వృథా పోదు, రేపు కొత్త వాద్యం కొన్నా అదే దానికీ తగులుతుంది.

ఇక కర్ర సంగతి. ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పన్నెండేళ్ల క్రిందట మా సంఘంలోని ఒక యౌవనస్థునికి మేమే దగ్గరుండి పాత కర్ర క్లారినెట్టు కొనిపించాము. నాదం తేనెలాగా ఉండేది. ఆ వైశాఖంలో అతడు పెళ్లి ఊరేగింపులకు దాన్నే తీసుకెళ్లాడు. మిర్యాలగూడ వైపు ఒక పెళ్లిలో మధ్యాహ్నం రెండు గంటలకు ఎదుర్కోలు. ఎండలో గంటసేపు వాయించి, వాద్యాన్ని ట్రాక్టరు మీద పెట్టి భోజనానికి వెళ్లాడట. తిరిగి వచ్చి చూస్తే పై ముక్క మీద, పక్క మీటల రంధ్రాల మీదుగా, వెంట్రుక లాంటి గీత. నెల తిరిగేసరికి ఆ గీత లోపలి గొట్టం వరకూ దిగింది. అతికించే మనిషి హైదరాబాదులో దొరికాడు గాని నాదం తిరిగి రాలేదు. కొనడానికి తెచ్చిన అప్పు మాత్రం ఇంకా రెండేళ్లు నడిచింది. ఆ కుటుంబం మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అందుకే ఈ సంగతి మాకు మరపుకు రాదు.

కర్ర ఎందుకు పగులుతుంది? మంచి క్లారినెట్లకు వాడేది గ్రెనడిల్లా అనే ఆఫ్రికా నల్లకర్ర. టాంజానియా, మొజాంబిక్ అడవుల్లో పెరుగుతుంది. నీటిలో వేస్తే మునిగేంత బరువైనది. ఊదేటప్పుడు గొట్టం లోపలి భాగం ఊపిరి తేమకు ఉబ్బుతుంది. బయటి భాగం పొడిగాలికి ముడుచుకుంటుంది. లోపల ఉబ్బి బయట బిగిస్తే ఎక్కడో ఒకచోట విచ్చుకోవాల్సిందే. మే నెలలో నల్లగొండ ఎండ నలభై అయిదు డిగ్రీలు తాకడం మనకు కొత్త కాదు, గాలిలో తడి ఉండదు. యూరప్‌లో గదిలో కూర్చుని వాయించేవారికి తగిన వస్తువు మన ఊరేగింపుకు తగదు. కర్ర మంచిది కాదని కాదు. లోపల కూర్చుని వాయించేవారు, వాయించిన ప్రతిసారీ గుడ్డతో లోపలి తడి తుడిచేవారు, కొత్తలో రోజుకు పావుగంట చొప్పున అలవాటు చేసేవారు నిశ్చింతగా కొనవచ్చు. బ్యాండు పార్టీతో వెళ్లే పిల్లవాడికి మాత్రం మేము ఇక ఎన్నడూ కర్ర చెప్పము.

అయితే ఏది? రెండు దారులు ఉన్నాయి. ఒకటి ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్. యమహా వారి వైసీఎల్-255, బుఫే క్రాంపాన్ వారి ప్రొదీజ్ ఈ రకం. దుకాణంలో వీటిని మొదటి మెట్టు వాద్యాలు అంటారు. పేరు లేని చవక సెట్టుతో మొదలుపెట్టిన మన పిల్లలకు ఇవే రెండవ మెట్టు, అందుకు చిన్నబుచ్చుకోనక్కరలేదు. గొట్టం కొలత సరిగా ఉంటుంది, మీటలు వంగవు, ప్యాడ్లు దొరుకుతాయి. రెండవది ఎబొనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు. మంచి మౌత్‌పీసులు చేసేదీ దానితోనే. కర్రకు దగ్గరైన మెత్తని నాదం, పగుళ్ల భయం లేదు. అమెరికాలో టామ్ రైడెనోర్ అనే ఆయన రూపొందించిన ఎబొనైట్ క్లారినెట్లను పెద్ద వాద్యకారులు కూడా మెచ్చుకున్నారు. కాకపోతే ఎబొనైట్‌కు ఎండ పడదు, నలుపు పోయి ఆకుపచ్చ గోధుమ రంగుకు తిరుగుతుంది. వేడినీళ్లు అసలే పడవు. మౌత్‌పీసును మరిగే నీళ్లలో వేసి శుభ్రం చేసిన ఒక తల్లిని మేమెరుగుదుము. అది వంకర తిరిగి ఇక పనికి రాలేదు. గోరువెచ్చని నీళ్లు కూడా వద్దు, చల్లని నీళ్లు చాలు.

కర్రే కావాలనుకునే స్తోమత గలవారికి యమహా వైసీఎల్-450, బుఫే ఈ11 నడిమి తరగతివి. ఆపై ఆర్13 వంటివి ఈ శీర్షిక పరిధి దాటిన మాట.

మౌత్‌పీసు ఎన్నిక దగ్గర ఇంకో మాట చెప్పాలి, ఇది మన ప్రాంతానికి ముఖ్యమైనది. వేడికి గొట్టంలోని గాలి వేడెక్కి వాద్యం శ్రుతి పెరుగుతుంది. కీబోర్డు శ్రుతి మాత్రం అలాగే ఉంటుంది. డిసెంబరు తెల్లవారుజామున సరిపోయిన క్లారినెట్టు ఏప్రిల్ ఈస్టరుకు పైకి పోయి కూర్చుంటుంది, గాయకుల పెద్ద వాద్యకారుణ్ణి కోప్పడతాడు. బ్యారెల్ ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి లాగితే కొంత దిగుతుంది. మరీ లాగితే నడిమి స్వరాలు ఎక్కువ దిగి, మిగిలినవి తక్కువ దిగి వాటిలో వాటికే పడదు. వాండోరెన్ మౌత్‌పీసుల్లో 13 సిరీస్ అని రాసినవి కొంచెం తక్కువ శ్రుతికి, 440 కి, చేసినవి. ఆ మాట లేనివి 442 దగ్గర. కీబోర్డుతో వాయించేవారు, ఎండలో వాయించేవారు 13 సిరీస్ అడగండి. బ్యారెల్ సాధారణంగా 65, 66 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒక మిల్లీమీటరు పొడవైనది విడిగా కొనడం కూడా చవకైన మందే.

పేర్లు అడిగేవారికి: మొదట మార్చేటప్పుడు 4సి చాలు. ఏడాది రెండేళ్లు గడిచి పెదవి నిలిచాక 5ఆర్‌వి లైర్ లేదా ఎం30. వీధిలో గట్టిగా పలకాలన్నవారు బి45, దానికి రెండు, రెండున్నర నంబరు రీడు. పెద్ద సందుకు గట్టి రీడు పెట్టి పిల్లల చెంపలు నొప్పి పుట్టించకండి. దుకాణానికి వెళ్లినప్పుడు రెండు మూడు మౌత్‌పీసులు అడిగి, ఒకే రీడుతో వాయించి చూడండి. తండ్రి గాని మాస్టరు గాని వెనక్కి తిరిగి నిలబడి వినాలి. కళ్లు పేరు చూస్తాయి, చెవులు చూడవు. నంబరు ఎక్కువైతే మంచిదని కొనేవారు కూడా ఉన్నారు! ఆ అంకెలకు చెప్పుల సైజుకున్న పాటి అర్థమే.

పాతది కొనేవారికి నాలుగు జాగ్రత్తలు చెప్పాలి. మన పాత మేస్త్రీల చేతుల్లో ఇంకా ఆల్బర్ట్ పద్ధతి వాద్యాలు ఉన్నాయి. పదమూడు మీటల వాద్యమని చెబుతారు. ఇప్పుడు కొత్తగా అమ్మే విద్యార్థి వాద్యాలు దాదాపు అన్నీ పదిహేడు మీటల బోమ్ పద్ధతివి. 1840 ప్రాంతంలో క్లోజే అనే వాద్యకారుడు, బుఫే అనే పనివాడు పారిస్‌లో కలిసి తెచ్చిన పద్ధతి అది. రెండింటిలో వేళ్ల అమరిక వేరు. ఒకదానిలో నేర్చుకున్న పిల్లవాడికి తెలియక రెండవది కొంటే ఆరు నెలలు వెనక్కి పోతాడు. సైన్యపు బ్యాండులో, పోలీసు బ్యాండులో చేరాలన్న ఆశ ఉన్నవారు ఇప్పుడే బోమ్‌కు మారడం మేలని మా అభిప్రాయం. మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో సైన్యానికి సంగీత శిక్షణ కేంద్రమే ఉంది, అక్కడ క్లారినెట్టు పెద్ద వాద్యం.

రెండవది, చాలా పాత విదేశీ వాద్యాల మీద హెచ్.పి. అని చెక్కి ఉంటే ముట్టవద్దు. అది వెనుకటి హెచ్చు శ్రుతి వాద్యం, ఏ బ్యారెల్ పెట్టినా నేటి కీబోర్డుతో కలవదు. ఎల్.పి. అని ఉంటే ఫరవాలేదు. గుర్తు ఏదీ లేకపోతే కీబోర్డు పక్కన పెట్టి, లేదా సెల్‌ఫోనులో ఉచితంగా దొరికే శ్రుతి యాప్ పెట్టి, కింది నుండి పై వరకు ఒక్కొక్క స్వరం చూడండి.

గాలి పరీక్ష ఇంకా తేలిక. పై ముక్క రంధ్రాలన్నీ వేళ్లతో మూసి, కింది కొసను అరచేత్తో మూసి, పైనుండి గాలి పీల్చండి. కొన్ని క్షణాలు నాలుక అతుక్కొని ఉంటే ప్యాడ్లు బాగున్నట్టు. వెంటనే వదిలేస్తే ఎక్కడో గాలి పోతున్నది. కింది ముక్కకూ అదే. బ్రేక్ దగ్గర కీచుమనే పిల్లల్లో చాలామందికి లోపం వేళ్లలో లేదు, ఈ ప్యాడ్లలోనే ఉంది. క్లారినెట్టు పిల్లనగ్రోవి లాగా ఎనిమిదవ స్వరానికి ఎగరదు, పన్నెండవ స్వరానికి ఎగురుతుంది. అంత దూరం ఎగరడానికి ఏ రంధ్రమూ కారకూడదు. పాపం, ఈ సంగతి తెలియక ఎంతమంది మాస్టర్ల చేత మొట్టికాయలు తిన్నారో. ఇక నాలుగవది కర్రదైతే పై ముక్కను ఎండ వెలుతురులో మెల్లగా తిప్పి చూడటం. ఎందుకో పైన చెప్పాము.

సంఘపు పెద్దలకు ఒక విన్నపం. రెండు మూడు సంఘాల్లో క్లారినెట్టు సంఘం సొత్తుగా ఉండి, దాన్ని నలుగురు పిల్లలు ఒకే మౌత్‌పీసుతో వాయించడం చూశాము. ఒకరి దగ్గు నలుగురికి. వాద్యం సంఘానిది కావచ్చు, మౌత్‌పీసూ రీడూ ఎవరివి వారికే ఉండాలి. పేద పిల్లవాడికి సహాయం చేయదలిస్తే వాద్యం కొని బీరువాలో పెట్టేకంటే మౌత్‌పీసు కొని వాడి చేతికే ఇవ్వండి. ఇంకొకటి, "బ్యాండు సామాను మందిరంలో ఏమిటి" అని ముఖం చిట్లించేవారు ఇంకా ఉన్నారు. తిరుచిరాపల్లికి చెందిన ఏ.కె.సి. నటరాజన్ గారు ఈ వాద్యం మీదనే కర్ణాటక సంగీతం వాయించి 2008లో సంగీత కళానిధి, 2022లో పద్మశ్రీ అందుకున్నారు.

వనపర్తి నుండి రాసిన తల్లి గారు అడిగిన మరొక మాట మరచిపోకుండా చెబుతాము. కీబోర్డుతో స్వరం కలవడం లేదన్నారు. అది వాద్యం లోపం కాదు. క్లారినెట్టు బి ఫ్లాట్ వాద్యం. కీబోర్డు సి లో ఉంటే మీ అబ్బాయి డి లో వాయించాలి, ఎఫ్ లో ఉంటే జి లో. లేదా కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ మైనస్ రెండు పెట్టి, ఇద్దరూ ఒకే పేరుతో వాయించండి. దీని కోసం కొత్త వాద్యం కొనబోయారట! ఆ డబ్బు ఇంట్లోనే ఉంచుకోండి.

దేవరకొండ పిల్లవాడికి ఆ వారమే 4సి మౌత్‌పీసు, ఒక డబ్బా రీడ్లు కొన్నారు. కింది ముక్క ప్యాడు హైదరాబాదులో వేయించారు. బర్రె ఇంట్లోనే ఉంది. మొన్న ఫోనులో తండ్రి అడిగాడు, "ఇగ వచ్చే ఏడాది ఎట్ల సారూ?" అని. ఆ రెండు శ్రుతి తప్పిన స్వరాలు పోలీసు బ్యాండు పరీక్షలో దొరికిపోతాయి. కనుక ఈ పెళ్లిళ్ల కాలం కూలిలో కొంత దాచుకొని, వానలు పడ్డాక బోమ్ పద్ధతి ప్లాస్టిక్ వాద్యం, వీలైతే వాడినది, చూద్దామని చెప్పాము. ఆషాఢంలో పనులు లేక కొందరు బ్యాండువాళ్లు సామాను అమ్ముతారు, ధర దిగేది అప్పుడే.

ఈ విషయమై మాకు రాసేవారు వాద్యం మీద చెక్కిన పేరు, అంకె, మీటల సంఖ్య, మౌత్‌పీసు మీద ఉన్న అక్షరాలు, రీడు నంబరు, పిల్లవాడు ఎండలో వాయిస్తాడా నీడలోనా, ఇవన్నీ తప్పక రాయండి. ధర ఒక్కటే రాసి "కొనమంటారా" అని అడిగితే మేము జవాబు ఇవ్వలేము.